ఉప్పాడలో చేపకు కొదవ లేదు, ఒడ్డుకే కరువు

న్యూఢిల్లీ: దేశ రాజధానికి తూర్పున, యమునకు ఆవలి వైపు వున్న లక్ష్మీనగర్ చార్టర్డ్ అకౌంటెన్సీ శిక్షణ సంస్థలకు, వాటికోసం వివిధ రాష్ట్రాలనుంచి వచ్చి అద్దె గదుల్లో తలదాచుకునే విద్యార్థులకు ప్రసిద్ధి. ఏ సముద్రమైనా ఇక్కడికి వందలాది కిలోమీటర్ల దూరమే. అయినా చేపల పులుసుకు మొహం వాచిన తెలుగువారికి ఒక ఊరట వుంది. కొద్ది కిలోమీటర్ల దూరంలోని ఘాజీపూర్ టోకు మార్కెట్‌లో 'ఆంధ్రా చేప' దొరుకుతుంది. అయితే ఆ పేరుతో మంచు పెట్టెల్లో దిగే సరుకులో అత్యధిక భాగానికి బంగాళాఖాతంతో సంబంధం లేదు. అది కొల్లేరు పరిసరాల్లోను, గోదావరి, కృష్ణా డెల్టాల్లోను చెరువులు తవ్వి పెంచిన శీలావతి, బొచ్చె.

చేపల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలో అగ్రస్థానంలో వున్న సంగతి విదితమే. 2022-23లో దేశం మొత్తంమీద ఉత్పత్తి 175 లక్షల టన్నులకు చేరగా, అందులో సింహభాగం ఈ రాష్ట్రానిదే. కాగా ఈ ఘనత ప్రధానంగా చెరువులది. రాష్ట్ర ఉత్పత్తిలో సముద్రపు వేట వాటా స్వల్పం. ఉత్తరాది వినియోగదారుకు 'ఆంధ్రా' అంటే చెరువు చేపగా పరిచయం కావడానికి కారణం ఇదే. సముద్రపు చేపను దాని ఊరిలో, దాని రుచితో చూడదలచినవారు తీరానికి వెళ్లక తప్పదు. అటువంటి ఊళ్లలో కాకినాడకు ఉత్తరాన వున్న ఉప్పాడ ఒకటి.

ఈ పేరు ఢిల్లీకి కొత్తది కాదు. కాని ఇక్కడ అది చీర పేరు. ఉప్పాడ జామ్దానీ చీరకు 2009లో భౌగోళిక గుర్తింపు లభించింది. దుకాణంలో ఆ చీర మడత విప్పి చూసే కొనుగోలుదారులలో ఎందరికి అది ఒక మత్స్యకార గ్రామమని తెలుసునో చెప్పడం కష్టం. మగ్గాల వీధులకు, వలలు ఆరవేసే పేటలకు మధ్య దూరం అక్కడ అట్టే వుండదు.

చెన్నై-హౌరా ప్రధాన రైలు మార్గంలో సామర్లకోట జంక్షన్‌లో గాని, పిఠాపురంలో గాని దిగితే ఉప్పాడ చేరుకోవచ్చు. పిఠాపురంలో కుక్కుటేశ్వరుని, పురుహూతికా దేవిని దర్శించుకునే యాత్రికులలో అనేకులు మధ్యాహ్నానికి సముద్రం చూడడానికి ఇటు మళ్లుతుంటారు. కాకినాడనుంచి వచ్చేవారికి సముద్రం పక్కనే సాగే బీచ్ రోడ్డు వుంది. కుడివైపు అలలు, ఎడమవైపు కొబ్బరి చెట్లు, పేటలు. మామూలు రోజుల్లో ఇంత ప్రశాంతమైన ప్రయాణం ఆ జిల్లాలో మరొకటి లేదు. తుపాను రోజుల్లో ఆ రోడ్డును మూసివేస్తారు. ఎందుకు మూసివేస్తారన్న ప్రశ్నలోనే ఈ గ్రామం కథ అంతా వున్నది.

వంజరం పోతుంది, కవళ్లు మిగులుతాయి

ఉప్పాడ జాలరులలో అధికులవి మోటారు బిగించిన ఫైబరు బోట్లు. చీకటి వుండగానే వేటకు బయలుదేరినవి పగటి పూట తిరిగి వస్తాయి. ఒడ్డున వేలంపాట నిమిషాలమీద ముగుస్తుంది. ఇక్కడివారు కోనం అని పిలిచే వంజరం, చందువ, పండుగప్ప, పెద్ద రొయ్య ముందుగా అమ్ముడవుతాయి. వాటిని కొన్న వ్యాపారి వెంటనే మంచులో పెట్టి కాకినాడకు తరలిస్తాడు. అక్కడినుంచి ఇతర రాష్ట్రాల నగరాలకు, ఎగుమతి కర్మాగారాలకు ప్రయాణం. కవళ్లు, కానాగంతలు, నెత్తళ్లు, సావళ్లు వంటివి ఊరికి, చుట్టుపక్కల సంతలకు మిగులుతాయి. అంటే సముద్రతీర గ్రామంలో మేలైన చేప తినేవాడు సాధారణంగా ఆ గ్రామస్థుడు కాడు.

ఇందులో జాలిపడవలసినదేమీ లేదని పులుసు రుచి ఎరిగినవారు వాదించవచ్చు. కవళ్ల పులుసు ముందు వంజరం వేపుడు దిగదుడుపేనని చెప్పేవారు ఆ తీరంలో ఎందరో. చింతపండు పులుసులో ఉడికిన కవళ్లను ఆ పూట తినకుండా మర్నాడు తినడం అక్కడి అలవాటు. పులుపు, కారం అప్పటికిగాని ముక్కకు పట్టవు. పచ్చి మామిడికాయ వచ్చే రోజుల్లో నెత్తళ్లలో చింతపండుకు బదులు అదే వేస్తారు. పిల్ల సొరను ఉడికించి, ముల్లు తీసి, పొడిగా చేసే సొర పిట్టును బాలింతలకు పెట్టడం తరతరాలుగా వస్తున్నది. పీతల ఇగురు సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. వానాకాలంలో, వేట లేని రోజుల్లో ఆదుకునేది ఎండు చేప. వంకాయతో ఎండు నెత్తళ్లు, గోంగూరతో ఎండు రొయ్యలు మెట్ట ప్రాంతాల వంటిళ్లకు కూడా పరిచితమే. వాటిని ఆరబెట్టి, గంపలకెత్తి, సంతలకు చేర్చి అమ్మేది స్త్రీలు. మగవారి వేట ఒక పూటదైతే వీరి వ్యాపారం ఏడాది పొడవునా సాగేది.

కొత్తగా వచ్చినవారు ఒడ్డున చేప కొనదలిస్తే చూడవలసిన గుర్తులు తేలికైనవే. మొప్ప ఎత్తితే లోపల ఎర్రగా వుండాలి. కన్ను ఉబ్బెత్తుగా, మెరుస్తూ వుండాలి. వేలితో నొక్కిన చోట గుంట నిలవకూడదు. ఇంకొక మాట. జూలై, ఆగస్టు మాసాల్లో గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు అందరూ అడిగేది పులస. పుస్తెలమ్మి అయినా తినాలని సామెత పుట్టించుకున్న ఈ చేప సముద్రంలో వున్నంతవరకు పులస కాదు. అప్పుడు దాని పేరు ఇలస. వలస అని కూడా అంటారు. గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురీదుతూ పోయినకొద్దీ దాని రుచి మారుతుంది, పేరు మారుతుంది, ధర కూడా మారుతుంది. కనుక ఉప్పాడ ఒడ్డున పులస పేరుతో ఎవరైనా అమ్మజూపితే కొనుగోలుదారు ఒక క్షణం ఆలోచించడం మంచిది. దానికి యానాం వంటి గోదావరి ఒడ్డు మార్కెట్లు వున్నాయి.

అప్పుడప్పుడు కాకినాడ తీరంలో ఒక్క చేప లక్షల రూపాయలకు అమ్ముడైందన్న వార్త వస్తుంటుంది. అది దాదాపు ఎల్లప్పుడూ కచిడి. దాని మాంసానికి అంత ధర కాదు. పొట్టలోని గాలితిత్తికి విదేశాలలో వున్న గిరాకీయే కారణం. లాటరీ తగిలినవారి ఫొటో అందరూ చూస్తారు. వేటలో మిగతా దినాల లెక్క వేరు. డీజిలు, మంచు ఖర్చులు ముందు తీసివేసి, తరువాత బోటుకు, వలకు, మనుషులకు వాటాలు వేస్తారు. బోటుకో, వలకో వ్యాపారి దగ్గర పెట్టుబడి తెచ్చుకున్నవారు చేపను అతనికే ఇవ్వవలసి వుంటుంది. ధర నిర్ణయించేదీ అతనే. వేలంపాటలో నిలబడి బేరమాడే స్వేచ్ఛ అప్పు లేనివానికే వున్నది.

ఇసుక వుంటేనే వృత్తి

ఇంతకూ ఈ వ్యవహారమంతా జరిగే స్థలం ఏది? ఉప్పాడ వంటి ఊళ్లలో జెట్టీలు, షెడ్లు వుండవు. ఇసుక మేటే రేవు. పడవను లాగి నిలిపేది దానిమీదనే. వల బాగుచేసేది, వేలంపాట పాడేది, చేప ఎండబెట్టేది ఆ ఇసుకలోనే. కర్మాగారం యజమానికి స్థలం, కప్పు, గిడ్డంగి ఎటువంటివో చిన్న జాలరికి ఇసుక ఒడ్డు అటువంటిది. దానికి అద్దె లేదు, దస్తావేజు కూడా లేదు. పోయినప్పుడు నష్టపరిహారం అడగడానికి వీలులేని ఆస్తి అదొక్కటే కాబోలు.

ఆ ఆస్తి దశాబ్దాలుగా కరిగిపోతున్నది. ఉపగ్రహ చిత్రాల ఆధారంగా ఆంధ్రప్రదేశ్ అంతరిక్ష అనువర్తనాల కేంద్రం జరిపిన అధ్యయనం ప్రకారం 1989-2018 మధ్య ఉప్పాడ తీరంలో నూరు హెక్టార్లకు పైబడిన భూమి సముద్రం పాలయింది. పాత ఊరు, గుళ్లు, పిఠాపురం సంస్థానంవారి అతిథి గృహం ఒకప్పుడు వున్న చోట ఇప్పుడు నీరే కనిపిస్తుంది. 2020 నవంబరులో నివర్ తుపాను తరువాత ఉప్పాడ ఒడ్డున స్త్రీలు, పిల్లలు ఇసుకలో బంగారు రేణువులు, పూసలు ఏరుకుంటున్న దృశ్యం దేశమంతటా వార్త అయింది. సముద్రం బంగారం తెచ్చి ఇస్తున్నదని కొందరు వేడుకగా రాశారు. మునిగిపోయిన ఇళ్లలోనిది, గుళ్లలోనిది తిరిగి ఒడ్డుకు కొట్టుకు వస్తున్నదని స్థానికులు చెప్పిన వివరణే సబబుగా తోస్తుంది.

ఒక విడ్డూరం ఇక్కడ చెప్పాలి. ఆంధ్రప్రదేశ్ తీరరేఖ పొడవు 974 కిలోమీటర్లని పాఠ్యపుస్తకాలు చిరకాలంగా చెబుతూ వచ్చాయి. కేంద్ర ప్రభుత్వం చేపట్టిన కొత్త కొలతల ప్రకారం అది 1,053 కిలోమీటర్లు. వంపులను, మలుపులను మరింత సూక్ష్మంగా కొలవడంవల్ల వచ్చిన తేడా ఇది. కాగితంమీద తీరం పెరిగింది. ఉప్పాడవాసి దీనిని నమ్మాలంటే కొంత కష్టమే.

కోతకు సముద్రాన్ని ఒక్కదానినే నిందించడం న్యాయం కాదు. తూర్పు తీరంలో ఇసుక నిలకడగా వుండదు. నైరుతి రుతుపవనాల కాలంలో ఉత్తరానికి, ఈశాన్య రుతుపవనాల కాలంలో దక్షిణానికి కదులుతూ, ఏడాది మొత్తం మీద ఎక్కువ భాగం ఉత్తరానికే పోతుంది. ఒక ఊరి ముందు అలలు కొట్టుకుపోయిన ఇసుకను దక్షిణంనుంచి వచ్చే ఇసుక పూడ్చాలి. ఉప్పాడకు దక్షిణంగా గోదావరి సముద్రంలో కలుస్తున్నది కనుక పూర్వం ఈ పద్దు సరిపోయేది. ఇప్పుడు నదిపై కట్టిన ఆనకట్టలు, జలాశయాలు ఒండ్రును నిలిపివేస్తున్నాయి. వచ్చిన ఇసుకలో చాలాభాగం కాకినాడ ముందు హోప్ ఐలాండ్‌గా మేట వేసి ఉత్తర దిశగా పెరుగుతున్నది. ఆ దీవి అలలకు అడ్డు నిలిచి కాకినాడ అఖాతాన్ని కాపాడుతున్నది. కాకినాడ రేవు ప్రశాంతంగా వుండడానికి కారణం అదే. కాని దీవి కొన దాటిన అలల తాకిడి ఉప్పాడ వైపు కేంద్రీకృతమవుతున్నదని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. రేవుకోసం కట్టిన అలల అడ్డుగోడలు, లోతు చేసే పనులు ఇసుక ప్రయాణానికి మరికొంత అంతరాయం కలిగించాయని కూడా వారి అభిప్రాయం. ఒక పట్టణానికి మేలు చేసిన దీవి పొరుగు పల్లెకు కీడు తెచ్చిపెట్టింది.

దీనికి ప్రభుత్వాలు ఇచ్చిన జవాబు ప్రధానంగా గోడ. తొలుత బండరాళ్లు పేర్చారు. తరువాత ఇసుక నింపిన భారీ గొట్టపు సంచులతో జియోట్యూబ్ గోడ నిర్మించారు. కొంతకాలం అది ఊరిని, రోడ్డును కాపాడింది. అనంతరం అలల ధాటికి దెబ్బతిన్నది. రాళ్లు కూలినప్పుడల్లా కొత్త రాళ్లు వేస్తున్నారు. గోడ లేకపోతే ఇళ్లు పోతాయన్నది నిజం. అయితే గోడకు మరొక లక్షణం వున్నది. ఏటవాలు ఇసుకమీద అల పాకి, బలం కోల్పోయి వెనుదిరుగుతుంది. నిటారు రాతిని తాకిన అల బలం కోల్పోకుండానే వెనుకకు వచ్చి, గోడ పాదంలోని ఇసుకను తోడుకుపోతుంది. గోడ వెనుక ఊరు నిలుస్తుంది. గోడ ముందు ఒడ్డు మాయమవుతుంది. ఇంజనీరు దృష్టిలో ఇది విజయం. బోటును ఎక్కడికి లాగాలో తెలియని జాలరి దృష్టిలో మాత్రం కాదు. గోడ ఆగిన చోట పక్క పేటమీద కోత తీవ్రం కావడం కూడా ఇటువంటి నిర్మాణాలకు మామూలే. సూరాడపేట, మాయాపట్నం, కోనపాపపేట వంటి పేటలవారి మొర అదే.

తుపానులు ఈ తీరానికి కొత్త కాదు. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపానులో వెయ్యి మందికి పైగా మరణించారు. సముద్రంలో వున్న జాలరులు అనేకులు తిరిగి రాలేదు. నాటితో పోలిస్తే ముందస్తు హెచ్చరికలు ఎంతో మెరుగయ్యాయి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటేసరికి బోట్లు ఒడ్డుకు చేరి వున్నాయి. మనుషులను శిబిరాలకు తరలించారు. ప్రాణాలు దక్కాయి. కాని ఉప్పాడలో అలలు బీచ్ రోడ్డును మళ్లీ కోసివేశాయి, ఒడ్డునున్న ఇళ్లను దెబ్బతీశాయి. మనిషిని తప్పించడం నేర్చుకున్నాము. ఒడ్డును తప్పించడానికి ఇంకా దారి కనబడలేదు.

వేట నిషేధం, పరిహారం

చేపలు గుడ్లు పెట్టే కాలంలో తూర్పు తీరమంతటా ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం అమలులో వుంటుంది. 2015కు ముందు ఇది తక్కువ రోజులు వుండేది. మోటారు లేని తెప్పలకు మినహాయింపు వున్నా ఉప్పాడ ఫైబరు బోట్లకు ఆ వెసులుబాటు లేదు. ఈ రోజుల్లో ఊరికి వెళ్లేవారు తాజా వంజరంకోసం ఆశపడకపోవడమే మేలు. నిషేధ కాలానికి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే భృతి 2019లో కుటుంబానికి 10,000 రూపాయలు కాగా, 2025లో దానిని 20,000కు పెంచారు. రెండు నెలల సంపాదనకు అది సమానమా అన్నది ఇంటింటి లెక్కనుబట్టి తేలవలసినది. గంపలో చేప అమ్మే స్త్రీకి కూడా ఆ రెండు నెలలు సరుకు వుండదు. అయితే ఈ పథకం లెక్క వేటకు వెళ్లినవానితో మొదలవుతుంది.

తీరానికి దగ్గరి నీళ్లపై హక్కు మరో వివాదం. 1994లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపల వేట క్రమబద్ధీకరణ చట్టం కింద తీరంనుంచి 8 కిలోమీటర్ల మేర సంప్రదాయ జాలరులకు కేటాయించారు. మర బోట్లు ఆ హద్దు దాటి లోపలికి వస్తున్నాయన్న ఫిర్యాదు ఈ తీరమంతటా వినిపిస్తూనే వుంటుంది. నీళ్లమీద గీత గీయడం సులభం. కాపలా కాయడం కష్టం.

ఇదిలా వుండగా 2025 సెప్టెంబరులో ఉప్పాడ మత్స్యకారులు రోడ్డెక్కారు. ఫార్మా పరిశ్రమల వ్యర్థ జలాలు సముద్రంలో కలవడంవల్ల వేట పడిపోయిందన్నది వారి ఆరోపణ. ఆ నియోజకవర్గ శాసనసభ్యుడు, ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ మరుసటి నెలలో వచ్చి వారితో మాట్లాడారు. పర్యావరణ శాఖ కూడా ఆయన చేతిలోనిదే కావడంతో జాలరులు ఆశ పెట్టుకున్నారు. వేట తగ్గడానికి కాలుష్యం ఎంత కారణం, విపరీతమైన వేట ఎంత కారణం, సముద్రం వేడెక్కడం ఎంత కారణమన్నది తూచి చెప్పడానికి పరీక్షలు జరగాలి. పరీక్ష ఫలితం వచ్చేవరకు అప్పు మీద వడ్డీ ఆగదు.

హార్బరు ఎవరికి?

ఒడ్డు పోయినచోట హార్బరు కట్టాలన్నది ప్రభుత్వాల ఆలోచన. ప్రపంచ మత్స్య దినోత్సవమైన 2020 నవంబరు 21న జువ్వలదిన్నె, నిజాంపట్నం, మచిలీపట్నంలతోపాటు ఉప్పాడ ఫిషింగ్ హార్బరుకు నాటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి శంకుస్థాపన చేశారు. నాలుగింటికి కలిపి అంచనా వ్యయం 1,510 కోట్ల రూపాయలు. ఉప్పాడ హార్బరుకు పక్కనే వున్న అమీనాబాద్ వద్ద స్థలం ఎంపిక చేశారు. పనులు అనుకున్న గడువులు దాటి సాగాయి.

హార్బరు వస్తే లాభాలు లేవని ఎవరూ అనరు. అలలతో పెనుగులాడకుండా బోటు కట్టివేయవచ్చు. మంచు కర్మాగారం, వేలంపాట మందిరం, శీతల గిడ్డంగి వుంటే సరుకు పాడయ్యేది తగ్గుతుంది. అప్పిచ్చిన ఒక్క వ్యాపారికే చేప ఇవ్వవలసిన అగత్యం తగ్గడానికి పదిమంది కొనుగోలుదారులు ఒకచోట చేరడం కూడా అవసరమే. చందువను, రొయ్యను పెట్టెల్లో నింపి దూర ప్రాంతాలకు పంపడం సులభమైతే, ఘాజీపూర్ వంటి మార్కెట్లలో సముద్రపు ఆంధ్రా చేప కూడా కనిపించవచ్చు.

కాని హార్బరుకు ద్వారం వుంటుంది, రుసుము వుంటుంది. అక్కడ వరుసలో ముందు నిలిచేవి పెద్ద బోట్లు. అలల అడ్డుగోడలు ఇక్కడా కట్టవలసిందే కనుక, ఉత్తరాన వున్న పేటల ఒడ్డు ఏమవుతుందన్నది కూడా చూడవలసిన విషయం. కాకినాడ రేవు అనుభవం కళ్లముందే వున్నది. ఇక కవళ్లు ఎండబెట్టుకునే స్త్రీల సంగతి. వారికి జెట్టీ అవసరం లేదు. కావలసినది ఎండ తగిలే శుభ్రమైన నేల, దగ్గరలో మంచినీరు, ఆటోలో గంపలు ఎక్కించే చోటు. ఒడ్డు వున్నంతకాలం ఇవి ఎవరినీ అడగనవసరం లేకుండా దొరికాయి. ప్రస్తుతం గోడ వెనుక రోడ్డు అంచున, వాహనాల దుమ్ములో, వలలు పరచి చేప ఆరబెట్టుకుంటున్నారు. అల పైకి వచ్చిన రోజున రోడ్డుతోపాటు ఆ చోటు కూడా పోతుంది. నీరు తగ్గాక మళ్లీ అక్కడికే వచ్చి పరుస్తారు.